హౌరా పొగయు, దక్షిణ ధ్రువపు గాలియు

1919వ సంవత్సరమున కలకత్తా నగరమున థాకర్ స్పింక్ కంపెనీవారు ఒక పెద్ద శాస్త్రగ్రంథమును ప్రకటించిరి. కెప్టెన్ స్కాట్ నాయకత్వమున 1910లో బయలుదేరిన అంటార్కిటిక్ యాత్రలో సేకరింపబడిన వాతావరణ వివరములపై చర్చ అందలి విషయము. గ్రంథకర్త జార్జి క్లార్క్ సింప్సన్. మంచు తప్ప మరియొకటి కానరాని ఖండమును గూర్చిన పుస్తకము, కొబ్బరితోటల నడుమ, చెమటలు గ్రక్కించు వంగదేశపు ఉక్కలో అచ్చగుట తొలిచూపునకు వింతగా తోచును. కారణము మాత్రము మిక్కిలి సామాన్యమైనది. సింప్సన్ భారత వాతావరణ శాఖలో ఉద్యోగి. 1906లో ఆ శాఖలో ప్రవేశించి సిమ్లాలో పనిచేయుచుండగా స్కాట్ ఆతనిని తనతో తీసికొనిపోయెను. తిరిగివచ్చిన పిమ్మట ఆతడు ఈ దేశముననే ఉండి గ్రంథమును పూర్తిచేసెను. కనుక ఈ దేశముననే అది అచ్చుపడినది.

ఆ పుస్తకము వెలువడిన నగరమునకు ఎదుట, హుగ్లీనదికి పడమటి ఒడ్డున, మా హౌరా ఉన్నది. ధ్రువప్రాంతమునందలి గాలికి గల ఒక విచిత్రగుణమును సింప్సన్ అందు వివరించెను. ఆ గుణమే, కొలతలో అల్పమైనను జాతిలో అదియే, ప్రతి శీతకాలమునను ప్రతి తెల్లవారుజామునను మా ఊరి మీద నిలిచి ఉండెడిది. నేటికిని నిలుచుచున్నది. పొగను అణచుటకై హౌరా కలకత్తాలలో అప్పటికే చట్టమున్నది, కమిషను ఉన్నది, తనిఖీదారులున్నారు. నదికి ఒకవైపున అచ్చుయంత్రమున ఎక్కిన విషయము వేరొకవైపున కార్ఖానాల మీద కూర్చుండియున్న విషయమే యనుట ఈ వ్యాసమునకు మూలము.

పౌషమాసపు ఉదయమున హౌరా రేవులో నిలిచి చూచినవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. గాలి కదలదు. నది మీద సన్నని మంచుతెర పరచుకొని ఉండును. పొగగొట్టమునుండి వెడలిన పొగ నిలువున కొంతదూరము లేచును. పిదప ఏదో కనబడని పైకప్పునకు తగిలినట్లు ఆగి, ప్రక్కలకు విరిసి, ఒక బల్లపరుపు చాపవలె పరచుకొనును. ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క చాప. అన్నియు ఒకే ఎత్తున. నా చిన్ననాట ఘుసుడీ వైపు పొగగొట్టములు ఇంకను పెక్కు ఉండెడివి. ఆ చాపలన్నియు కలిసి ఒకటై సూర్యుని ఒక రాగిబిళ్లగా మార్చుట ప్రతిదినము చూచెడివారము. పొగకు బరువెక్కి పైకి పోలేకున్నదని మా ఇంటి పెద్దలు చెప్పుచుండిరి. ఆ మాట తప్పు. పొగకు బరువెక్కలేదు. పైనున్న గాలి తేలికయైనది.

సాధారణముగా భూమినుండి పైకి పోయినకొలది చలి హెచ్చును. కిలోమీటరునకు సుమారు ఆరున్నర సెల్సియస్ డిగ్రీల చొప్పున వేడిమి తగ్గునని పాఠ్యపుస్తకములు చెప్పును. డార్జిలింగు చల్లగానుండుట, హిమాలయశిఖరములు మంచు తాల్చుట దీని ఫలములే. కాని మేఘములు లేని, గాలి వీచని దీర్ఘరాత్రియందు నేల తన వేడిమిని ఆకసమునకు విడిచివేయుచు, తనను అంటియున్న గాలికంటె త్వరగా చల్లబడును. అంటియున్న గాలి పొర నేల వలన చల్లబడును. దానిపై పొర అంతగా చల్లబడదు. అప్పుడు క్రింద చలి, పైన వెచ్చదనము. అనగా సహజక్రమము తలక్రిందగును. దీనికి ఉష్ణోగ్రతా విలోమమని పేరు. చల్లని గాలి బరువైనది, వెచ్చనిది తేలికయైనది. బరువైనది అడుగునను తేలికయైనది మీదను ఉన్నప్పుడు రెండును కలియవు. నూనె నీటిపై నిలిచినట్లు నిలుచును. పొగగాని, దుమ్ముగాని, వంటింటి ఆవిరిగాని ఆ మూతను దాటి పోలేవు.

ఇది నిన్న మొన్న తెలిసిన విషయము కాదు. ఇంగ్లండులో జేమ్స్ సిక్స్ అను ఆయన 1784లో కాంటర్బరీ దేవాలయగోపురము మీద ఒక ఉష్ణమాపకమును, తన తోటలో ఒకదానిని ఉంచి, తేటయైన రాత్రులందు గోపురశిఖరముకంటె తోటయే చల్లగా నుండుట కనుగొనెను. ఆనాటి పండితులకు ఇది ఆశ్చర్యము గొలిపినది. కాని హుగ్లీ ఒడ్డున కొందరు పామరులు అంతకుమునుపే ఈ రహస్యముతో పొట్టపోసికొనుచుండిరి. వారు మంచుగడ్డలు తయారుచేయువారు.

ఈ వృత్తిని గూర్చి కొంత చెప్పవలెను. ఏలయన దీనిని నేటి హుగ్లీ, చుంచుడా వాసులే మరచిరి. ఊరి వెలుపల బయలులో రెండడుగుల లోతున వెడల్పైన పల్లములు త్రవ్వి, వాటి అడుగున ఎండుగడ్డిని దట్టముగా పరచెడివారు. దానిపై లోతులేని మట్టిమూకుళ్లను వరుసలుగా పేర్చి, సాయంకాలమున వాటిలో కొలదిగా నీరు పోసెడివారు. రాత్రి ఆకసము తేటగా ఉండి, గాలి చాల మెల్లగా ఉండినచో, తెల్లవారులోపల మూకుటిలో పలుచని మంచుబిళ్ల కట్టెడిది. సూర్యుడు పొడచూపకమునుపే దానిని గీకి తీసి గోతులలో గడ్డి కప్పి దాచెడివారు. ఇంతకును మనిషి ఎత్తున కట్టిన ఉష్ణమాపకము గడ్డకట్టు స్థానమునకు ఎన్నో డిగ్రీలు పైననే చూపుచుండెడిది! వంగదేశపు మైదానమున గాలి గడ్డకట్టు చలికి రాదు. మూకుటిలోని నీరు మాత్రము గడ్డకట్టెను. గడ్డి క్రిందినుండి నేలవేడిమిని ఆపెను. పైన ఆకసము నీటి వేడిమిని పీల్చెను. పల్లములో నిలిచిన చల్లనిగాలి కదలకుండ కాపుకాచెను. మేఘము వచ్చినను, గాలి లేచినను ఆనాటికి మంచు లేదు. పనివారు సాయంకాలమున ఆకసమును, ఆకుల కదలికను చూచి నీరు పోయవలెనో వద్దో నిర్ణయించెడివారు.

సర్ రాబర్ట్ బార్కర్ 1775లో అలహాబాదు ప్రాంతపు ఈ పద్ధతిని లండను రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. వారాణసీ నుండి లాయిడ్ విలియమ్స్ 1793లో వ్రాసెను. హుగ్లీ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలైన డాక్టరు వైజ్ తాను చూచిన హుగ్లీ పద్ధతిని ఇంకను వివరముగా తెలిపెను. విలియం చార్లెస్ వెల్స్ 1814లో వ్రాసిన మంచుబిందువుల గ్రంథములో ఈ భారతీయ మంచును చర్చించి, నీరు ఆవిరియగుటచేత కాక, వేడిమి ఆకసమునకు ప్రసరించుటచేతనే అది కట్టుచున్నదని వాదించెను. శాస్త్రమునకు మన మూకుళ్లు సాక్ష్యము పలికినవి. ఆ మూకుళ్లు పేర్చినవాని పేరు మాత్రము ఒక్క పుటలోను లేదు. 1833లో అమెరికాలోని బోస్టను నుండి టస్కనీ అను ఓడ సరోవరపు మంచును కలకత్తాకు తెచ్చెను. 180 టన్నులు ఎత్తగా సుమారు 100 టన్నులు కరగక చేరినవని చెప్పుదురు. పిమ్మట హుగ్లీ మంచుపల్లములకు గిరాకీ తగ్గి వృత్తి అంతరించినది.

ఇక్కడ తెలుగుదేశపు ప్రసక్తి ఒకటి వచ్చును. హౌరాలోని శిబ్‌పూర్ వృక్షశాస్త్రోద్యానమునకు 1793లో అధికారియైన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు గోదావరీమండలమునందలి సామర్లకోటలో పనిచేసినవాడు. మద్రాసు తీరమున ఉండిన దినములలో ఆతడు వాయుభారమును, వేడిమిని, వానను ప్రతిదినము వ్రాసి ఉంచెను. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840లో స్వంతధనముతో వేధశాలను నెలకొల్పెను; ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడపెను. వీరందరి శ్రమ కొనియాడదగినదే. కాని వీరి ఉష్ణమాపకములన్నియు మనిషి కన్నుల ఎత్తున వ్రేలాడినవి. అంతకు మీద ఏమున్నదో చూచు సాధనము ఆనాడు లేదు. వేయి అడుగుల ఎత్తుననున్న గాలిని ఎవరు చదువగలరు?

చదువు సాధనముతో సింప్సన్ 1911 జనవరిలో కేప్ ఎవాన్స్ అనుచోట దిగెను. అది దక్షిణాక్షాంశము 77 డిగ్రీలు దాటిన ప్రదేశము. ఎదుట గడ్డకట్టిన సముద్రము. వెనుక ఎరెబస్ అను అగ్నిపర్వతము. సింప్సన్ తన గుడిసెలో ఒక మూలను వేధశాలగా మార్చెను. హైడ్రొజను నింపిన చిన్న బెలూనులకు మిక్కిలి తేలికయైన యంత్రమును కట్టి విడిచెడివాడు. ఆ యంత్రము ఎత్తును, వేడిమిని ఒక చిన్న రేకు మీద గీయును. మెల్లగా కాలు వత్తి ఒకటి కొంతసేపటికి కట్టును త్రెంచగా యంత్రము నేల కూలును. అది ఎచ్చట పడినదో తెలియుటకై దానికి మైళ్లపొడవున సన్నని పట్టుదారము కట్టెడివారు. చీకటిలో, ఎముకలు కొరుకు చలిలో, ఆ దారమును చేతపట్టుకొని మంచుమీద నడచుచు యంత్రమును వెదకవలెను. దారము ఎన్నోమారులు తెగినది, యంత్రములు పోయినవి. దొరికినవి చెప్పిన కథ ఏమనగా, శీతకాలమున మంచునేల మీది గాలి అత్యంతశీతలము, కొంత పైకి పోయిన వెచ్చన.

పై గాలుల దిక్కు తెలిసికొనుటకు ఆతనికి మరియొక ఉచితసాధనము దొరికినది. ఎరెబస్ శిఖరము సుమారు 3,800 మీటర్ల ఎత్తు. దాని నోటినుండి నిరంతరము వెడలు ఆవిరిపొగ ఏ దిక్కునకు వాలుచున్నదో చూచి, ఆ ఎత్తున ఏ గాలి వీచుచున్నదో వ్రాసికొనెడివాడు. పొగను శత్రువుగాక సాక్షిగా చూచుట ఇట్టిది. హౌరాలోని తనిఖీదారులును ప్రతిదినము పొగనే చూచిరి. చూపులో భేదమున్నది. దానిని ముందు చెప్పెదను.

ధ్రువప్రాంతమునందు విలోమము ఇంత బలీయముగానుండుటకు కారణము దీర్ఘరాత్రి. హౌరాలో సూర్యుడు పండ్రెండు పదమూడు గంటలకు తప్పక వచ్చును, నేల వేడెక్కును, క్రింది గాలి లేచి పైదానితో కలియును, మూత విచ్చును. అచ్చట నెలలతరబడి సూర్యుడే రాడు. తెల్లని మంచు ఉన్న కొద్ది వెలుగును కూడ త్రిప్పికొట్టి, తన వేడిమిని మాత్రము ధారాళముగా ఆకసమునకు విడుచును. గాలిలో తేమ లేదు గనుక ఆ వేడిమిని నడుమ ఆపువాడు లేడు. ఆ ఖండపు నడిమి పీఠభూమి మీద శీతకాలమున కొన్నివందల మీటర్ల లోపలనే 20 మొదలు 25 డిగ్రీల వరకు భేదముండునని తరువాతి కొలతలు తేల్చినవి. 1983 జూలై 21వ తేదీన వోస్తోక్ కేంద్రమున సున్నకు దిగువ 89.2 డిగ్రీలు నమోదైనది. ఆ చలి కేవలము నేలను అంటియున్న పొరది. దానికి కొన్నివందల మీటర్లు పైన గాలి అంతకంటె చాల వెచ్చగానుండును. ఉత్తరధ్రువసముద్రమున మౌడ్ అను నార్వే ఓడ మంచులో చిక్కి తేలుచుండగా, స్వెర్‌డ్రుప్ 1922 మొదలు 1925 వరకు గాలిపటములు ఎగురవేసి అక్కడను ఇట్టి పొరనే కనుగొనెను.

అంటార్కిటిక్ యాత్రికులను తికమక పెట్టిన విషయము ఒకటి కలదు. హిమఝంఝ వీచినప్పుడు చలి పెరుగవలెనని మన ఊహ. అక్కడ వీచగనే ఉష్ణమాపకము పైకెక్కెడిది! గాలి ఉధృతముగా వీచునప్పుడు పైనున్న వెచ్చని పొరను క్రిందికి లాగి కలుపును. ఆగినంతనే నేలగాలి మరల చల్లబడును. మన మంచుపనివారు గాలి వీచు రాత్రి మూకుళ్లు పెట్టకపోవుటయు, దక్షిణధ్రువమున ఝంఝలో వేడిమి హెచ్చుటయు ఒకే సూత్రమునకు రెండు కొసలు. ఆ సూత్రము తెలిసినవానికి ప్రాణముల లెక్క కూడ కొంత తెలియును. 1911 జూలై 6వ తేదీన విల్సన్, బవర్స్, చెరీ-గరార్డులు కేప్ క్రోజియర్‌కు పోవు త్రోవలో ఫారన్‌హీటు మానమున సున్నకు దిగువ 77.5 డిగ్రీల చలిని, అనగా సెల్సియస్ మానమున సుమారు 61 డిగ్రీలను చవిచూచిరి. వారు నడచుచున్నది గాలి వీచని మంచుబయలు. సముద్రతీరపు కేప్ ఎవాన్స్‌లో ఎన్నడును అంత చలి లేదు.

సింప్సన్ సిమ్లాకు మరలిరావలసినదని పిలుపు వచ్చినందున 1912 మార్చి నెలారంభమున ఓడ యెక్కెను. అప్పటికి స్కాట్ ధ్రువమునుండి తిరిగివచ్చుచు ఇంకను మంచుబయలు మీదనే ఉండెను. ఆ నెల కడపట ఆతడును ఆతని తోడివారును గుడారములో మరణించిరి. ఆ మార్చిలో ఆ బయలుమీద చలి ఎదురుచూచినదానికంటె మిక్కిలి హెచ్చు. రాత్రులందు సున్నకు దిగువ 40 ఫారన్‌హీటు డిగ్రీలను తాకెను. అంత చలిలో మంచు ఇసుకవలె గరుకై బండి జారదు. వెనుకనుండి వీచి తోడ్పడవలసిన దక్షిణపు గాలి వీచలేదు. గాలి లేనందున నేలచలి పైపొరతో కలియక పేరుకొనినది. తన సహచరులు అసాధారణమైన వాతావరణమునకు లోనైరని సింప్సన్ తన గ్రంథమున వ్రాసెను. ఇది మిత్రుల పక్షమున చెప్పిన సాకు అని తలచినవారును లేకపోలేదు. 1980ల నడిమినుండి ఆ బయలు మీద మనుష్యులు లేకయే పనిచేయు యంత్రములు నిలిచినవి. వాటి అంకెలను పట్టుకొని సూసన్ సాలమన్, చార్లెస్ స్టెర్న్స్ 1999లో లెక్కచూచి, 1912 మార్చి ఆ ప్రాంతపు సాధారణస్థితికంటె పది మొదలు ఇరువది ఫారన్‌హీటు డిగ్రీలు చల్లనిదని తేల్చిరి. ఎనుబది సంవత్సరముల పిమ్మట సింప్సన్ మాట నిలిచినది. అయినను స్కాట్ చేసిన ఏర్పాటులలోని లోపములన్నియు దీనితో మాసిపోవుననుట నా అభిప్రాయము కాదు.

ఇక నదిని దాటి హౌరాకు వత్తము. 1854 ఆగస్టు 15వ తేదీన హౌరానుండి హుగ్లీకి మొదటి రైలు నడచినది. మరుసటి సంవత్సరమున రిష్రాలో మొదటి జనపనార మిల్లు వెలసినది. రాణీగంజ్ బొగ్గు చౌకగా దిగుచుండెను. నదికి ఇరువైపుల మిల్లులును, హౌరాలో ఓడల మరమ్మతు గోదులును, పోతపని కార్ఖానాలును, రైలు షెడ్లును లేచినవి. కమ్మరికొలుములు ఎంత దట్టముగా ఉండెననగా తూర్పుదేశపు షెఫీల్డ్ అని ఈ ఊరికి పేరు వచ్చినది. పొగ ఎంత త్వరగా పెరిగినదో పాలకులు ఎంత త్వరగా ఉలికిపడిరో 1863లోనే చేయబడిన కలకత్తా హౌరా పొగబాధల చట్టము చెప్పును. ఇంత ముందుగా ఇట్టి చట్టము పొందిన ఊళ్లు ప్రపంచమున ఎక్కువ లేవు. అమలు మాత్రము నామకముగానే సాగెను.

ఇరువదవ శతాబ్దారంభమున కర్జన్ ప్రభువు ఈ విషయమున పట్టుదల చూపెను. 1903లో వర్తకసంఘమువారి ఎదుటనే పొగను తీవ్రముగా నిందించెను. చలువరాతితో విక్టోరియా స్మారకభవనమును కట్టదలచినవానికి మసి మీద కోపము వచ్చుట సహజమే. లీడ్స్ నుండి ఫ్రెడరిక్ గ్రోవర్ అను నిపుణుని రప్పించి విచారింపజేసిరి. దాని ఫలముగా 1905లో బెంగాల్ పొగబాధల చట్టమును, 1906లో ఒక కమిషనును వచ్చినవి. పొగ ఎంత నల్లగా ఉండవచ్చును, ఎన్ని నిమిషములు వెడలవచ్చును అనుటకు పరిమితులు ఏర్పడినవి. తనిఖీదారులు గొట్టములను చూచి నిమిషములు లెక్కించిరి. బొగ్గు వేయువానికి కొద్దికొద్దిగా, పలుచగా వేయుట నేర్పవలెనని యజమానులకు చెప్పిరి. ఈ శిక్షణ వలన నల్లపొగ నిజముగానే తగ్గినది. దానిని చులకన చేయరాదు.

కాని చట్టము ఏ పొయ్యిని చూచినది, ఏ పొయ్యిని చూడలేదు? కొలిమి యను పదమునకు చట్టములో ఇచ్చిన అర్థమునుండి రెండింటిని తప్పించిరి: శవదహనమునకు వాడునది, ఉత్పత్తికి కాక ఇంటి అవసరములకు వాడునది. ఈ మినహాయింపు పాలకుల దయకు చిహ్నమో భయమునకు చిహ్నమో చెప్పుట కష్టము. వంగదేశమున ప్రతి యింట ఉనున్ అను మట్టిపొయ్యి ఉండెడిది. బొగ్గుపొడిని పేడతోను మట్టితోను కలిపి ఉండలు చేసి గోడలమీదను మిద్దెలమీదను ఎండబెట్టి కాల్చెడివారు. సాయంకాలము ఇంచుమించు ఒకే వేళకు లక్ష పొయ్యిలు అంటుకొనును. బొగ్గు రాజుకొనువరకు వాటిని వీథిలో పెట్టుట ఆచారము. ఆ వేళయే సూర్యుడు క్రుంకి నేల చల్లబడ నారంభించు వేళ. మూత పడుచున్న పాత్రలోనికి పొగ పోసినట్లు! మిల్లు గొట్టముల పొగ కొంత ఎత్తున నిలిచెడిది; ఇంటిపొయ్యి పొగ ముక్కు ఎత్తుననే నిలిచెడిది. కమిషనువారి విజయములు పెరిగినకొలది, మిగిలిన పొగయంతయు స్వదేశీయుల వంటింటిదే యను మాట క్రమముగా బలపడినది. మిల్లుయజమానులకు ఇది వినసొంపైన మాట. కాని మిల్లు కూలిలైనులో ఉన్నవానికి రెండు పొగలును ఒకటే. గంజాము, విశాఖపట్టణ మండలములనుండి వచ్చి హుగ్లీతీరపు మిల్లులలో చేరిన తెలుగువారును, బిహారునుండి వచ్చినవారును ఒకే గదిలో పలువురు నివసించుచు, పగలు జనపనార దుమ్మును, రాత్రి పొయ్యిపొగను పీల్చిరి. ఆ పొగను చలువరాతిమీద కొలిచినవారున్నారు. ఆ ఊపిరితిత్తులలో కొలిచినవారు లేరు.

తనిఖీదారు చూపులోని లోపము ఇదియే. ఆతడు గొట్టపు నోటిని చూచెను. పొగ ఆగిన ఎత్తును చూడలేదు. గొట్టమునుండి వెడలినది ఎంత యనునది ఒక ప్రశ్న. వెడలినది ఎచ్చటకు పోవును అనునది మరియొకటి. చైత్రమాసపు మధ్యాహ్నమున ఒక గొట్టము ఎంత నల్లపొగ విడిచినను దక్షిణపు గాలి దానిని ఎగురగొట్టును. పౌషమాసపు తెల్లవారుజామున అందులో పదవవంతు చాలును, పేట యంతయు దగ్గును. పరిమితులు మాత్రము రెండు వేళలకును ఒకటే. పొగగొట్టములను ఎత్తుచేసినచో బాధ తొలగునను నమ్మకము కూడ సగము నిజము. మూత రాత్రి ఎత్తుగొట్టపు పొగను నేలకు దిగనీయదు. ఊరివారు సుఖముగా నిద్రింతురు. సూర్యుడు వచ్చి నేలను వేడిచేయగా క్రిందినుండి గాలి తెరలుతెరలుగా లేచి, పైన రాత్రియంతయు పోగుపడిన పొగను అందుకొని ఒక్కమారుగా క్రిందికి దింపును. కనుకనే ఆఫీసులకు పోవు జనము వంతెన దాటు వేళకు, ఎండ కాయుచుండగనే, కన్నులు మండును. రాత్రి మంచిదై పగలు చెడుట ఏమని పలువురు ఆశ్చర్యపడుచుందురు.

ఈ తర్కమునకు కావలసిన సామగ్రియంతయు 1919లోనే నదికి ఆవలి ఒడ్డున అచ్చులో నుండెను. రెండును కలియలేదు. వాతావరణము ఒక శాఖ, పొగ మరియొక శాఖ. శాఖాప్రధానులు 1905 తరువాత సిమ్లాలో, తనిఖీదారులు ఇచ్చట. ఇది మనదేశపు తప్పు మాత్రమే యనరాదు. బెల్జియములోని మ్యూజ్ లోయలో 1930 డిసెంబరున అరువదిమంది వరకు మరణించిరి. అమెరికాలోని డోనోరాలో 1948 అక్టోబరున ఇరువదిమంది పోయిరి. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండను మీద మూత కదలక నిలువగా నాలుగువేలమంది చనిపోయిరని మొదటి అంచనా. తరువాతి అంచనాలు ఇంకను పెద్దవి. అప్పటికి గాని విలోమమను మాట వార్తాపత్రికలకు ఎక్కలేదు. బ్రిటిషువారు 1956లో చేసిన స్వచ్ఛవాయు చట్టము ఇంటి పొయ్యిలోనికి కూడ చేయిచాచినది. అయితే చేయి చాచుటతో ఊరకుండలేదు. పొగలేని పొయ్యి అమర్చుకొనుటకు గృహస్థునకు ధనసహాయమును ఏర్పరచెను. వంగదేశపు చట్టము పొయ్యిని వదలివేసెను గాని మంచి పొయ్యిని ఇయ్యలేదు.

హౌరా నేడు మారినది. ఆవిరి ఇంజనులు పోయినవి. మిల్లులలో పెక్కు మూతపడినవి. ఉనున్ స్థానమున గ్యాసుపొయ్యి వచ్చినది. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమున కలకత్తాయు హౌరాయు రెండును చేరినవి. ఇప్పటి ధూళి చాలవరకు వాహనములది, నిర్మాణములది, చెత్త కాల్చుటది, ఉత్తరాది మైదానమునుండి కొట్టుకొనివచ్చునది. నల్లని చాపలు కానరావు. సూర్యుడు రాగిబిళ్ల కాక తెల్లని పళ్లెముగా ఉదయించును. ధూళి మారినది గాని దానిని పట్టి ఉంచు గాలిపొర మారలేదు. ఒకే మోతాదు పొగ వర్షాకాలమున లెక్కకు రాకుండుటయు జనవరిలో ప్రాణాంతకమగుటయు నేటికిని ఆ పొర చేయు పనియే.

మనవారును ఆ దక్షిణఖండమునకు పోయిరి. 1981 డిసెంబరున ఖాసిం నాయకత్వమున గోవానుండి మొదటి భారతీయయాత్ర బయలుదేరినది. తరువాత నెలకొల్పబడిన మైత్రీ కేంద్రమున మన శాస్త్రజ్ఞులు ధ్వనితరంగములను నిలువున పైకి పంపి, గాలిపొరలనుండి మరలివచ్చు ప్రతిధ్వనిని యంత్రముచే గీయించి, విలోమము ఎంత ఎత్తున నున్నదో, ఎప్పుడు చెదరునో చూచిరి. సింప్సన్ పట్టుదారమునకు బదులు ఇప్పుడు శబ్దము పైకెక్కి దిగుచున్నది.

శబ్దమనగా ఇంకొక సంగతి. వెచ్చని పొర పైన నున్నప్పుడు ధ్వని పైకి చెదరక వంగి మరల నేలకే వచ్చును. ఉత్తరధ్రువసముద్రమున పోర్ట్ బోవెన్‌లో 1824-25 శీతకాలమున చిక్కుకొనిన పారీ యాత్రికులు, రేవునకు ఆవలినున్న మనిషితో మైలుకు మించిన దూరమునుండి మామూలుగా మాటలాడగలిగిరి. హౌరా రేవులో జనవరి నెల తెల్లవారుజామున నిలిచినచో ఇది కొంత తెలియును. బాగ్‌బజారు వైపున ఎక్కడనో కదలిన లాంచి కూత చెవిప్రక్కన ఊదినట్లు వినబడును; ఆవలి మెట్లమీద బట్టలుతుకు చప్పుడు ఒక్కొక్కటియు లెక్కింపవచ్చును. తొమ్మిది దాటి ఎండ ముదిరిన పిమ్మట అదే లాంచి అదే కూత కూయును. ప్రక్క రేవునకే అది సరిగా చేరదు.